గది దాటిన మాట

కిందటి వారం టీచరమ్మని కంట్రోల్ రూము మెట్ల మీద, చేతిలో చార్జి మెమోతో వదిలిపెట్టాం. కొత్తగా చదివేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. ఆవిడ టీచరు కాదు. అంబులెన్సుల కంట్రోల్ రూములో ఫోన్లు ఎత్తే ఉద్యోగం, పదమూడేళ్ళుగా. ప్రాణం మీదికొచ్చి ఫోన్ చేసినవాళ్ళకి ఏం చెయ్యాలో ఒకటో తరగతి పిల్లలకి చెప్పినంత నిదానంగా చెబుతుందని తోటివాళ్ళు పెట్టిన పేరది. రెండు నెలల కిందట, మూడో తారీఖు మధ్యాహ్నం, ఒకావిడ తన భర్త ఊపిరాడక పడిపోయాడని ఫోన్ చేసింది. దగ్గర్లో ఉండాల్సిన బండి రిపేరులో ఉంది. దూరం నుంచి బయల్దేరిన బండి చేరేసరికి ముప్ఫయ్యొక్క నిమిషాలు పట్టింది. అంతసేపూ టీచరమ్మ లైన్లోనే ఉండి, ఛాతీ మీద ఎలా నొక్కాలో ఆవిడకి చెబుతూ లెక్కపెట్టింది. మనిషి దక్కలేదు.

ఆ తర్వాత టీచరమ్మకి నిద్ర పట్టలేదు. ఫోన్ మోగితే ఉలిక్కిపడేది. షిఫ్ట్ ఇన్‌చార్జి పిలిచి, ఆఫీసు కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళమన్నాడు. ఆరు వారాలు వెళ్ళింది. ఏడో వారం, విచారణకి రమ్మంటూ మెమో వచ్చింది. అందులో ముప్ఫయ్యొక్క నిమిషాల ప్రస్తావన లేదు. రిపేరులో ఉన్న బండి ప్రస్తావన అంతకన్నా లేదు. ఉన్నదల్లా ఇదీ:

"కాల్ మధ్యలో ఉద్యోగిని నాలుగు సెకన్లపాటు మౌనంగా ఉండిపోయారు. తన తండ్రి మరణ సమయంలో ఫోన్ చెయ్యలేక నిశ్చేష్టురాలైన సంఘటన గుర్తుకు రావడమే ఇందుకు కారణమని ఉద్యోగిని స్వయంగా అంగీకరించారు."

ఆ సంగతి ఆవిడ ఈ లోకంలో ఒక్క గదిలో, ఒక్క మనిషికే చెప్పింది.

మెట్ల మీద ఎంతసేపు నిలబడిందో ఆవిడకే తెలీదు. ముందు వచ్చింది కోపం కాదు, సిగ్గు. మెమో టైపు చేసిన అమ్మాయి మధ్యాహ్నం క్యాంటీన్లో తనవైపు అంత జాలిగా ఎందుకు చూసిందో అప్పుడు అర్థమైంది. పందొమ్మిదేళ్ళ వయసులో తను ఫోన్ పక్కన కొయ్యబారి నిలబడిపోవడం, నాన్న మంచం మీద గాలి కోసం కొట్టుకోవడం, చివరికి పక్కింటాయన వచ్చి నంబరు తిప్పడం, అన్నీ ఆ అమ్మాయి బల్ల మీంచి, ఇన్‌చార్జి బల్ల మీంచి, విచారణ అధికారి బల్ల మీంచి నడిచి వచ్చాయన్నమాట. ఆ రోజు చెయ్యలేని పని జీవితమంతా చెయ్యాలనే ఈ ఉద్యోగంలో చేరింది. ఇరవై నాలుగేళ్ళు కడుపులో దాచుకుంది.

సిగ్గు బస్సెక్కేదాకా ఉంది. బస్సు దిగేసరికి ఒళ్ళు భగభగ మండుతోంది.

ఇంట్లో అడుగుపెట్టగానే అత్తగారు ఎప్పటిలాగే, మన వీధి మ్యాన్‌హోల్ మూత సంగతి అడిగావా అంది. కోడలు కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నానన్న మొదటి రోజు నుంచీ ఆవిడ మనసులో ఉన్నది వార్డు కౌన్సిలరే. ఇద్దరూ వేరని రెండుసార్లు చెప్పి, మూడోసారి నవ్వి ఊరుకుంది టీచరమ్మ. ఈ పూట నవ్వలేదు. అత్తగారు కోడలి మొహం చూసి, మూత సంగతి వదిలేసి, కుర్చీ లాగి కూర్చోబెట్టింది.

భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పని నుంచి వచ్చి, చేతుల గ్రీజు కడుక్కుని, మెమో రెండుసార్లు చదివాడు. రెండోసారి చదవడం అయ్యాక కాగితాన్ని మడతపెట్టకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

"మామయ్యగారి సంగతి నాకెప్పుడూ చెప్పలేదే," అన్నాడు.

నిలదీసినట్టు అన్నా బావుండేది.

"చెబుదామనే అనుకున్నా. ముందు ఆ కౌన్సెలరమ్మ దగ్గర చెప్పుకుని, కాస్త ధైర్యం వచ్చాక మీకు చెబుదామని. ఈలోపు వీళ్ళే చెప్పేశారు."

ఆయన మెమోని మళ్ళీ ఒకసారి చూశాడు. తర్వాత, ఏదైనా కాగితం మీద సంతకం పెట్టావా అని అడిగాడు. పెట్టినట్టే గుర్తు. బ్యాగు అడుగున బస్సు టిక్కెట్లూ మందుల చీటీలూ తీసి పక్కన పెడితే, నాలుగు మడతల జిరాక్సు కాపీ ఒకటి బయటపడింది. మూడో పేరాలో, మిగతావాటికన్నా చిన్న అక్షరాల్లో ఉంది: కౌన్సెలింగులో తెలిసిన, విధి నిర్వహణకి సంబంధించిన విషయాలను యాజమాన్యానికి తెలియజేయడానికి నాకు అభ్యంతరం లేదు. కింద తన సంతకం. ఆ రోజు షిఫ్టు దిగి, వాచిన కళ్ళతో తిన్నగా ఆ గదిలోకి వెళ్ళింది. వేలు ఎక్కడ చూపిస్తే అక్కడ పెట్టేసింది.

"లిఫ్టు తలుపు పక్కన కూడా రాసి పెడతారు," అన్నాడు భర్త, "ఎంతమంది ఎక్కొచ్చో, మధ్యలో ఆగిపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలో. మనిషిని కూర్చోబెట్టి మనసు విప్పించే గదికి ఆమాత్రం రాసి పెట్టరా?"

"పెట్టారు. మీ మాట మా దగ్గర భద్రం అని. గోడకి అట్ట కూడా తగిలించారు."

మర్నాడు పొద్దున్నే ఆయనే ఒక చోటికి తీసుకెళ్ళాడు. కళ్ళజోళ్ళ కొట్టు పైన రెండు గదులు. ముప్ఫయ్యేళ్ళుగా కౌన్సెలింగు పనిలోనే ఉన్న ఒక పెద్దావిడ అక్కడ మనుషుల్ని చూస్తుంది. ఆ బిల్డింగు లిఫ్టు ఒకసారి మధ్యలో ఆగిపోతే, లోపలున్న ఐదుగురిలో ఒక్క ఈవిడే కంగారుపడకుండా మిగతావాళ్ళచేత కబుర్లు చెప్పించిందట. లిఫ్టు బాగుచేసి తలుపు తెరిచిన రోజు నుంచీ ఆయనకి ఆవిడంటే గురి.

భర్త కింద కొట్టు ముందు ఆగిపోయాడు. టీచరమ్మ పైకెళ్ళి, కూర్చోగానే జరిగిందంతా వెళ్ళగక్కడం మొదలుపెట్టింది. పెద్దావిడ చెయ్యెత్తి ఆపింది.

"ఆగమ్మా. నేనెవరో తెలీకుండానే అంతా చెప్పేస్తున్నావు. ఇంటికి స్టవ్ రిపేరుకొచ్చినవాణ్ణి కూడా ఎక్కడ నేర్చుకున్నావు, ఎన్నాళ్ళనుంచి చేస్తున్నావు అని అడుగుతాం కదా. నన్నెందుకు అడగవు?"

టీచరమ్మ తెల్లబోయింది. ఏం అడగాలో నాకేం తెలుసు, ఎవరు చెప్పారు నాకు, అని కాస్త గట్టిగానే అంది. పెద్దావిడకి కోపం రాలేదు సరికదా, అదే నేనూ అడుగుతున్నా, ఎవరూ ఎందుకు చెప్పలేదు నీకు, అంది. ఆ తర్వాత ఆవిడ తన సంగతి తనే చెప్పుకుంది. ఏం చదివిందో, ఎవరి దగ్గర పని నేర్చుకుందో చెప్పి, తను డాక్టరు కాదనీ మందులు రాయదనీ, అవసరమైతే రాసేవాళ్ళ దగ్గరికి పంపుతుందనీ అంది. రాసుకునే పుస్తకం చూపించి, అది ఏ సొరుగులో ఉంటుందో, తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో చూపించింది. ఇక్కడ చెప్పింది బయటికి వెళ్ళే సందర్భాలు కూడా దాచలేదు. నీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉందని నాకు అనిపించినా, కోర్టు ఆర్డరు వేసినా నేను నోరు మూసుకుని కూర్చోలేను, ఆ సంగతి మొదటి రోజే నీకు తెలియాలి, అంది. నాలుగైదుసార్లు వచ్చాక నీకు కుదరడం లేదనిపిస్తే మొహం మీదే చెప్పెయ్, ఇంకొకరి పేరు నేనే చెబుతా, అని కూడా అంది.

ఒక్కో మాట వింటుంటే టీచరమ్మకి మనసు తేలిక పడాల్సింది పోయి, కోపం ఇంకా ఇంకా పెరిగింది. ఇంత చిన్న సంగతులు. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు తనకి ఎందుకు దక్కలేదు?

"అన్నిటికన్నా ముందు అడగాల్సింది ఒకటుంది," అంది పెద్దావిడ. "ఎదురుగా కూర్చున్న మనిషి ఎవరి తరఫున కూర్చుంది? నీ తరఫునా, నిన్ను పంపినవాళ్ళ తరఫునా? ఆఫీసులో ఉన్నంతమాత్రాన చెడ్డవాళ్ళని కాదు. నిక్కచ్చిగా చేసేవాళ్ళు నాకు తెలుసు. కానీ రెండు పడవలుంటే, ఏ పడవలో కూర్చోబెడుతున్నారో ఎక్కేముందే చెప్పాలి. చెప్పకపోవడం తప్పు. మా పనిలో అంతకన్నా పెద్ద తప్పు లేదు."

ఇప్పుడు నేనేం చెయ్యాలి, అని అడిగింది టీచరమ్మ. విచారణ సోమవారం. ఈ రోజు గురువారం. నీ ఫైలు నీకు చూపించమని అడుగు, నీ గురించి రాసింది చూస్తానని అడిగే హక్కు నీకుంది, ఇవ్వనంటే ఎందుకివ్వరో రాసిమ్మను, అంది పెద్దావిడ. మన కౌన్సెలింగు ఈవేళ మొదలుపెట్టను, ముందు ఆ పని చూసుకురా అని లేచి, గుమ్మం దాకా వచ్చింది. అక్కడ నిలబడి ఇంకో మాట అంది.

"ఆరు వారాలు దండగైపోయాయనుకోకు. నువ్వు ఏడ్చిన ఏడుపు నీదే. దాన్ని ఎవరూ టైపు చెయ్యలేరు."

కౌన్సెలర్ గది ఆఫీసు రెండో అంతస్తులో, స్టోర్సుకీ ట్రైనింగు హాలుకీ మధ్య. లేత ఆకుపచ్చ కర్టెను, ఎత్తు తేడా లేని రెండు కుర్చీలు, మధ్యలో బల్ల మీద కాగితపు రుమాళ్ళ డబ్బా. కౌన్సెలర్‌ని అందరూ చిన్న మేడమ్ అంటారు. ముప్ఫై దాటి ఉండదు. మెత్తటి గొంతు. టీచరమ్మని చూడగానే నవ్వి, ఈవేళ మన టైము కాదే అంది.

టీచరమ్మ కూర్చోలేదు. మెమో తీసి బల్ల మీద పెట్టింది. చిన్న మేడమ్ చదివింది. చదువుతుండగా చెవులు ఎర్రబడ్డాయి. చదవడం అయ్యాక మాత్రం నేర్చుకున్న గొంతులోకి వెళ్ళిపోయింది.

"మీరు చాలా కోపంగా ఉన్నారు. ముందు ఆ కోపాన్ని కాస్త గమనిద్దాం."

"నా కోపాన్ని మీరు గమనించక్కర్లేదు. ఈ మాట వాళ్ళకెలా వెళ్ళిందో చెప్పండి."

మీరు సంతకం పెట్టారు కదండీ, మూడో పేరాలో ఉంది, అంది చిన్న మేడమ్. అంటూ చూపు పక్కకి తిప్పుకుంది.

ఉందని టీచరమ్మకి తెలుసు. జిరాక్సు విప్పి, ఆ మూడో పేరాని పైకి చదివింది. ఫోన్లో అవతలి మనిషికి చెప్పినట్టే, ఒక్కో మాటా విడివిడిగా, తొందర లేకుండా. పన్నెండో తారీఖున మొదటిసారి ఈ కుర్చీలో కూర్చున్నప్పుడు ఇది మీరు నాకిలా చదివి వినిపించారా అని అడిగింది. లేదు. దీని అర్థం ఇదీ అని మాటల్లో చెప్పారా? లేదు. మీ రిపోర్టు ఎవరికి వెళ్తుందో, నెలకోసారి వెళ్తుందో వారానికోసారి వెళ్తుందో చెప్పారా? అందరిచేతా అలాగే పెట్టించుకుంటాం, ఎవరూ అడగలేదు, అంది చిన్న మేడమ్.

ఆ 'ఎవరూ అడగలేదు' అన్న మాటకి టీచరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"అడగడానికి ఏముందో తెలిస్తే కదా అడిగేది. మా దగ్గరికి ఫోన్ చేసేవాళ్ళకి ఏం అడగాలో తెలుస్తుందా? కాళ్ళూ చేతులూ ఆడని మనిషి ఏం అడుగుతుంది? అడక్కపోయినా అన్నీ మేమే చెబుతాం. ముందు మీరెక్కడున్నారో చెప్పండి, తర్వాత ఇది చెయ్యండి, బండి ఇంతసేపట్లో వస్తుంది, నేను లైన్లోనే ఉంటా అని. అది మా డ్యూటీ. మీకు లేదా అలాంటిది? నేనా రోజు మీ దగ్గరికి అలాంటి స్థితిలోనే వచ్చా. మీరు పెన్ను చేతికిచ్చారు."

చిన్న మేడమ్ కాగితపు రుమాలు తీసుకుంది. ఆ గదిలో ఇన్నాళ్ళూ ఆ డబ్బాలోంచి తీసుకున్నది ఎదుటి కుర్చీలోవాళ్ళే. తన మీద ముప్ఫై మంది భారం ఉందనీ, నెల తిరగ్గానే అందరి గురించీ రాసివ్వమని పైనుంచి ఒత్తిడి వస్తుందనీ, మీకు పగటి షిఫ్టు ఇప్పించాలనే మీ నాన్నగారి సంగతి రాశాననీ, అది వాళ్ళు ఇలా వాడతారని కలలో కూడా అనుకోలేదనీ గబగబా చెప్పుకుపోయింది. అబద్ధం చెబుతున్నట్టు లేదు. అదే టీచరమ్మకి ఇంకా ఒళ్ళు మండించింది. చెడ్డమనిషైతే తిట్టి వెళ్ళిపోవచ్చు. మంచి చేద్దామనుకుని, అడక్కుండా, ఒకరి గుండెకాయ తీసుకెళ్ళి ఇంకొకరి బల్ల మీద పెట్టిన మనిషిని ఏమనాలి?

"మా ఆయనకి తెలీదు," అంది, గొంతు తగ్గించి. "పద్దెనిమిదేళ్ళ కాపురం. ఆ సంగతి ఆయన నిన్న ఈ మెమోలో చదివి తెలుసుకున్నాడు. నా నోటితో నేను చెప్పుకోవాల్సిన మాట అది. దాన్ని మీరు నాకు తిరిగివ్వగలరా?"

క్షమించండి, అంది చిన్న మేడమ్. టీచరమ్మ తల అడ్డంగా ఊపి, నా ఫైలు ఇవ్వండి అంది. పైవాళ్ళ పర్మిషన్ కావాలన్న మాట చిన్న మేడమ్ పెదాల దాకా వచ్చింది.

"ఎవరి పర్మిషన్? నా గురించి రాసింది నేను చూడ్డానికి నా పర్మిషన్ చాలు. లేదంటే ఎందుకివ్వరో ఇక్కడే రాసివ్వండి. ఈసారి సంతకం మీరు పెట్టండి."

చిన్న మేడమ్ లేచి, ఇనప బీరువా తెరిచి, గోధుమరంగు ఫైలు తీసి ఆవిడ చేతికిచ్చింది. ఇచ్చాక కుర్చీలో కూర్చోకుండా కిటికీ దగ్గరికి వెళ్ళి, వీపు ఇటు తిప్పి నిలబడింది.

టీచరమ్మ మొదట గోడ దగ్గరికి వెళ్ళింది. 'మీ మాట మా దగ్గర భద్రం' అన్న అట్టని మేకు మీంచి తీసి, బోర్లించి బల్ల మీద పెట్టింది. ఇన్నాళ్ళకి ఆ గదిలో ఊపిరి తీసుకున్నట్టనిపించింది. అప్పుడు కూర్చుని ఫైలు విప్పింది.

ఆరు వారాల మాటలు ఆరు కాగితాల మీద ఉన్నాయి, గుండ్రటి చేతిరాతలో. తను అన్నవే. నిద్ర పట్టకపోవడం, ఆ చనిపోయినాయన భార్య గొంతు కూరగాయల బజారులో వినబడినట్టనిపించి వెనక్కి తిరిగి చూడడం, నాన్న. చదువుతుంటే కళ్ళు తడిశాయి కానీ ఆగలేదు. ఆ ఆరింటి కింద, ఫైలు అట్టకి ఆనుకుని, టైపు చేసిన కాగితం ఒకటుంది. ఇన్‌చార్జికి రాసిన రిపోర్టు.

"ఈ ఉద్యోగినితో మాట్లాడిన మీదట, ఆమె ఒత్తిడిని తట్టుకునే స్థితిలో లేరనీ, అత్యవసర కాల్స్ తీసుకునే విధులకు పనికిరారనీ నిర్ధారించడమైనది."

కింద చిన్న మేడమ్ సంతకం. పైన, కుడివైపు మూల, తేదీ. ఐదో తారీఖు.

తప్పు చదివానేమోనని కాగితాన్ని వెలుతురులోకి వంచింది. ఐదే. మూడున ఆ మనిషి చనిపోయాడు. తను ఈ గదిలో మొదటిసారి అడుగుపెట్టింది పన్నెండున. ఆవిడ ఒక్క మాట కూడా నోరు తెరిచి చెప్పకముందే, కౌన్సెలర్ మొహం ఎలా ఉంటుందో కూడా ఆవిడకి తెలియకముందే, ఆవిడతో మాట్లాడి నిర్ధారించేశారు. అంటే తనని ఈ కుర్చీలోకి పంపింది నయం చెయ్యడానికి కాదు. రాసేసిన తీర్పుకి కావలసిన మాటలు తన నోటితోనే చెప్పించడానికి.

"మేడమ్," అంది. "ఐదో తారీఖున మీరు నన్ను ఎక్కడ చూశారు?"

చిన్న మేడమ్ వెనక్కి తిరిగింది. టీచరమ్మ చేతిలోని కాగితాన్ని చూసింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. అది ఆ ఫైల్లో ఉందని ఆవిడకి నిజంగానే తెలీదని ఆ చూపే చెప్పింది. నెమ్మదిగా నడిచి వెళ్ళి, తలుపు లోపలి గడియ పెట్టి, అక్కడే తలుపుకి ఆనుకుని నిలబడింది.

"అది నేను రాయలేదండీ. ఫైలు ఇన్‌చార్జిగారి దగ్గర్నుంచే వచ్చింది, అడుగున ఏముందో నేను చూడలేదు," అంది. "సంతకం మాత్రం నాదే. ఉద్యోగంలో చేరిన రోజు ఖాళీ లెటర్‌హెడ్ కాగితాల మీద ఇరవై సంతకాలు పెట్టించుకున్నారు. సెలవులో ఉన్నప్పుడు పనికొస్తాయన్నారు. నేనూ అడగలేదు."

"ఇరవయ్యా?"

"నెల కిందట ఇన్‌చార్జిగారి బీరువాలో ఆ కట్ట కనబడితే లెక్కపెట్టాను. పద్నాలుగే ఉన్నాయి."

టీచరమ్మ కాగితాన్ని ఫైల్లో పెట్టి, ఫైలు మూసి, రెండు చేతులతో పట్టుకుంది.

"ఒకటి నాది," అంది. "మిగతా ఐదుగురు ఎవరు?"

బయట ఎవరో తలుపు తోశారు. గడియ కదిలింది. తర్వాత, తొందర లేకుండా రెండుసార్లు తట్టి, షిఫ్ట్ ఇన్‌చార్జి గొంతు పిలిచింది. చిన్న మేడమ్‌ని కాదు, టీచరమ్మని.